మా ఆవిడ ఎడంచేత్తో తిప్పే కంపోస్టు డ్రమ్ము

మా మొదటి కంపోస్టు డ్రమ్ము అర్ధరాత్రి పూట కింద పడింది. దఢేల్‌మని చప్పుడు. గ్యాస్ సిలిండర్ పేలిందనుకుని వీధిలో నాలుగిళ్లవాళ్లు బయటికొచ్చారు. లైటు వేసి చూస్తే పెరట్లో నీలం డ్రమ్ము పక్కకు ఒరిగిపోయి ఉంది, దాని తలుపులోంచి నాలుగు వారాల కూరగాయ తొక్కలు గచ్చు మీదికి జారుతున్నాయి. ఆ వాసన గురించి ఇక్కడ రాయను. ఎదురింటి కుర్రాడు ముక్కు మూసుకునే, "బాబాయ్, ఇన్నేళ్లు బస్సులు బాగుచేశారు, ఒక్క డ్రమ్ము నిలబెట్టలేకపోయారా?" అన్నాడు.

వాడన్నదాంట్లో తప్పేం లేదు. నేను ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా చేసి రిటైరైనవాణ్ణి. ఇరుసు మీద బరువు ఎంత పడుతుందో చూసుకోకుండా, ఇంట్లో పడి ఉందని అంగుళం పీవీసీ పైపు దూర్చి డ్రమ్మును వేలాడదీశాను. అది నెల రోజులు విల్లులా వంగి వంగి, ఆ రాత్రి విరిగింది.

ఇప్పుడున్నది రెండోది. మూడేళ్లుగా తిరుగుతోంది. దీన్ని మొదలుపెట్టేటప్పుడు ఒకటే షరతు పెట్టుకున్నాను. మా ఆవిడకు కుడి భుజం పట్టేసింది, చెయ్యి పైకి లేవదు. ఆవిడ ఎడంచేత్తో, నన్ను కేకెయ్యకుండా, ఒక్కతే తిప్పుకోగలగాలి. కింద రాసిన కొలతలన్నీ ఆ షరతులోంచి వచ్చినవే. తిప్పడం కష్టంగా ఉన్న డ్రమ్మును మొదటి వారం తిప్పుతాం, రెండో వారం రేపు చూద్దాంలే అంటాం, మూడో వారానికి అది తలుపున్న చెత్తకుండీ అయిపోతుంది.

గొయ్యి తవ్వుకోవచ్చుగా అంటారు. మాది బెజవాడ పక్కన కానూరు. నల్లమట్టి. వానాకాలం గొయ్యి తవ్వితే కంపోస్టు కాదు, చెరువు తయారవుతుంది. పైగా పందికొక్కులు. డ్రమ్ము నేలకు ఎత్తులో ఉంటుంది కాబట్టి ఆ రెండు బాధలూ లేవు.

డ్రమ్ము కొనేటప్పుడు

200 లీటర్ల నీలం ప్లాస్టిక్ డ్రమ్ము కావాలి. సుమారు 58 సెంటీమీటర్ల వెడల్పు, 90 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. పైభాగం మొత్తం ఊడొచ్చే రకం వద్దు. రెండు వైపులా మూసేసి, పైన రెండు చిన్న బిరడాలు మాత్రమే ఉండే రకం తీసుకోండి. దానికి రెండు కొసలూ గట్టిగా ఉంటాయి, ఇరుసు బరువు మోసేది ఆ కొసలే.

ఆటోనగర్‌లో పాత సామాన్ల కొట్లలో ఇవి వరసగా పేర్చి ఉంటాయి. ఇంతకుముందు ఇందులో ఏముండేదని అడగండి. "ఏం లేదు సార్, నీళ్లే" అంటారు. నీళ్లు పోసి అమ్మడానికి ఇంత మందం డ్రమ్ము ఎవడూ వాడడు. బిరడా విప్పి మీరే వాసన చూసుకోండి. సబ్బుల తయారీకి వాడే యాసిడ్ స్లర్రీ, పురుగుమందులు, రంగులు, థిన్నర్లు వచ్చిన డ్రమ్ములు ఎంత కడిగినా పనికిరావు. లేబులు గీకేసి ఉంటే కూడా వదిలేయండి. నేను అలాంటిదొకటి చవగ్గా వస్తోందని తెచ్చి, నాలుగుసార్లు బట్టల సోడాతో కడిగాను. ఎండలో పెడితే మళ్లీ అదే ఘాటు. ఇప్పుడందులో ఇసుక పోసుకున్నాం.

స్వీట్ల తయారీకి లిక్విడ్ గ్లూకోజ్ వచ్చే డ్రమ్ము దొరికితే అంతకంటే మంచిది లేదు. లోపల జిగురుగా ఉంటుంది, చీమలు వెంటపడి వస్తాయి, వేణ్ణీళ్లు పోసి రెండుసార్లు గిలకరిస్తే పోతుంది. నేను బేరమాడి వెయ్యి రూపాయలకు తెచ్చాను.

నడిమధ్య ఎక్కడ

ఇక్కడే ఎక్కువ మంది దెబ్బతింటారు. నేనూ తిన్నాను. మొదటి డ్రమ్ముకు కంటి అంచనాతో కన్నం పెట్టాను, అర అంగుళం పక్కకు పోయింది. అర అంగుళమే కదా అనిపిస్తుంది. సరుకు పడ్డాక ఆ డ్రమ్ము ఒక పక్కకు వేగంగా దూకేది, రెండో పక్కకు మొండికేసేది.

సరిగ్గా మధ్యను పట్టుకోవడానికి ఒక అట్టముక్క చాలు. ఫ్రిజ్ లాంటిది వచ్చిన పెద్ద అట్టపెట్టెలోంచి, మూల చెడకుండా, రెండు వైపులా రెండేసి అడుగులు ఉండేలా కోసుకోండి. డ్రమ్మును నిలబెట్టి ఆ అట్ట మూలను డ్రమ్ము అంచుకు ఆనించండి. అట్ట రెండు అంచులూ అవతలి వైపు డ్రమ్ము అంచును ఎక్కడ తాకుతున్నాయో ఆ రెండు చోట్లా స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టండి. ఒక గుర్తు నుంచి రెండోదానికి దారం లాగి పట్టుకుంటే, ఆ దారం డ్రమ్ము నడిమధ్య మీదుగానే పోతుంది. అర్ధవృత్తంలో కోణం లంబకోణమని స్కూల్లో చెప్పింది ఇదే, కాకపోతే తిరగేసి వాడుతున్నాం. దారం కింద గీత గీయండి. ఇప్పుడు అట్టను పావు చుట్టు పక్కకు జరిపి మళ్లీ అదే చేయండి. రెండు గీతలూ ఎక్కడ కోసుకున్నాయో అదే మధ్య. అనుమానముంటే మూడో గీత కూడా గీయండి. మూడూ ఒక్క చుక్కలో కలిస్తే మంచిది. చిన్న త్రికోణం వస్తే దాని మధ్య తీసుకోండి.

రెండో కొసకు కూడా ఇలాగే. బిరడాలున్న వైపు, బిరడాను చూసి అంచనా వేద్దామనుకోకండి. అవి మధ్యలో ఉండవు.

ఇరుసు

అంగుళం పావు జీఐ పైపు, అంటే జింకు పూత ఉన్న ఇనప పైపు, నాలుగడుగుల ముక్క. దాని బయటి వ్యాసం 42 మిల్లీమీటర్ల పైచిలుకు. సగం నిండిన డ్రమ్ములో సుమారు 50 కిలోల సరుకు ఉంటుంది, డ్రమ్ము బరువు దానికి అదనం. ఈ పైపు దాన్ని తేలిగ్గా మోస్తుంది.

పైపు కదలకుండా స్టాండు మీద కూర్చుంటుంది, డ్రమ్ము దాని చుట్టూ తిరుగుతుంది. బేరింగులు వద్దు. నా దగ్గర పాతవి రెండు ఉన్నాయి, పెడదామని చెయ్యి దురద పుట్టింది కూడా. కానీ నిమిషానికి నాలుగు చుట్లు తిరిగేదానికి బేరింగు ఎందుకు, ఆ పులిసిన రసం తగిలితే ఆర్నెల్లలో తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. దాని బదులు బుష్ పెట్టాను. 50 మిల్లీమీటర్ల పీవీసీ పైపులోంచి మూడేసి అంగుళాల ముక్కలు రెండు కోస్తే అవే బుష్‌లు. జీఐ పైపు వాటిలో కాస్త వదులుగా దూరుతుంది. ఆ వదులు ఉండాలి.

డ్రమ్ము కొసల ప్లాస్టిక్ ఒక్కటే ఈ బరువు ఆపలేదు, కన్నం కొన్నాళ్లకు కోడిగుడ్డులా సాగుతుంది. అందుకని 12 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్‌లోంచి 8 అంగుళాల గుండ్రటి బిళ్లలు నాలుగు కోయించండి. ఒక్కో కొసకు లోపలొకటి, బయటొకటి పెట్టి, మధ్యలో ప్లాస్టిక్‌ను శాండ్‌విచ్‌లా పట్టి, నాలుగేసి బోల్టులతో బిగించాలి. లోపలి బిళ్ల పెట్టాలంటే చెయ్యి దూరాలి కదా, కాబట్టి ముందు తలుపు కోసుకుని తర్వాత ఈ పని. బిళ్లలు బిగించాక అప్పుడు 50 మిల్లీమీటర్ల హోల్ సాతో మూడు పొరలకూ కలిపి ఒకేసారి కన్నం పెట్టండి. విడివిడిగా కన్నాలు పెట్టి తర్వాత కలుపుదామంటే కలవవు. కన్నంలో బుష్‌ను సుత్తితో మెల్లగా దిగ్గొట్టి, చుట్టూ ఎంసీల్, అంటే సందులు పూడ్చే ముద్ద, పెట్టండి. ప్లైవుడ్ బిళ్లలకు రెండు పూతలు ఎనామిల్ పెయింట్ కొట్టడం మర్చిపోవద్దు.

తలుపు

తలుపు డ్రమ్ము పొట్ట మీద వస్తుంది. డ్రమ్ము పొడవు వెంట 14 అంగుళాలు, చుట్టుకొలత వెంట 12. ఇంతకంటే చిన్నదైతే గంప బోర్లించలేరు. పెద్దదైతే డ్రమ్ము బలం పోతుంది.

మడతబందులు ఏ అంచుకు పెట్టాలన్నది కొనకముందే ఆలోచించుకోండి. డ్రమ్ము పొడవు వెంట ఉండే అంచు తిన్నగా ఉంటుంది. చుట్టూ తిరిగే అంచు వంపు. మడతబందులు తిన్నటి అంచుకే. వంపు మీద పెడితే రెండు బందులూ రెండు దిక్కులకు చూస్తాయి, తలుపు తెరుచుకోదు.

రెండో సంగతి ఎవరూ చెప్పలేదు, డ్రమ్ము పాడయ్యాక తెలిసింది. ఆ ప్లాస్టిక్ లోపల ఒక బిగువు ఉంటుంది. నాలుగు వైపులా కోసి ముక్క బయటికి తీయగానే అది వంపు మార్చేసుకుంటుంది, మళ్లీ అదే కంతలో కూర్చోదు. కాబట్టి ముందు బందుల వైపు అంచు ఒక్కటే కోయండి. ముక్క ఇంకా డ్రమ్ముకు అతుక్కుని ఉండగానే మడతబందులు రెండూ బోల్టులతో బిగించేయండి. గడియలకు కూడా కన్నాలు పెట్టుకోండి. ఆ తర్వాత మిగిలిన మూడు వైపులూ కోయండి. మూలల్లో ముందుగా 10 మిల్లీమీటర్ల డ్రిల్లుతో కన్నం పెడితే మూలలు గుండ్రంగా వస్తాయి, పగుళ్లు పాకవు. గ్రైండరు వాడితే ప్లాస్టిక్ కరిగి కోసిన దారి వెనకాలే మళ్లీ అతుక్కుంటుంది. జిగ్‌సా మేలు. లేదంటే హ్యాక్సా బ్లేడుకు ఒక కొస గుడ్డ చుట్టి చేత్తోనే కోయొచ్చు, గంట పడుతుంది.

గడియలు రెండు పెట్టండి. తలుపు కిందికి వచ్చినప్పుడు లోపలి బరువంతా దాని మీదే. కోసిన సందులోంచి తడి కారకుండా నేను పాత లారీ ట్యూబు ముక్కను తలుపు కంటే అంగుళం పెద్దగా కత్తిరించి, తలుపు బయటివైపు అంటించాను. గడియ పడితే అది సందును కప్పేస్తుంది.

రెక్కలు, కన్నాలు, పిడులు

లోపల నున్నగా ఉంటే డ్రమ్ము తిరుగుతుంది గానీ సరుకు తిరగదు. ముద్దలా అడుగునే జారుతూ కూర్చుంటుంది. అందుకని మూడు రెక్కలు కావాలి. అల్యూమినియం కిటికీలు చేసే కొట్లో తుక్కులో రెండంగుళాల యాంగిల్ ముక్కలు దొరుకుతాయి. రెండేసి అడుగుల ముక్కలు మూడు, డ్రమ్ము పొడవు వెంట, చుట్టూ సమాన దూరంలో, వాషర్లు వేసి బోల్టులు బిగించండి. సరుకును ఇవి కొంత ఎత్తుకు మోసి పైనుంచి జారవిడుస్తాయి. గాలి తగిలేది అప్పుడే. చెక్కవి వద్దు, చెక్క కూడా కంపోస్టు అవుతుంది.

గాలికి 10 మిల్లీమీటర్ల కన్నాలు, నాలుగంగుళాలకొకటి చొప్పున, పొట్ట చుట్టూ, రెండు కొసల్లోనూ. మొత్తం యాభై దాకా వస్తాయి. అంతకు మించి పెట్టకండి. మన ఎండలకు లోపలి తడి ఆరిపోవడమే పెద్ద సమస్య.

డ్రమ్ము చుట్టూ నాలుగు బీరువా పిడులు బిగించాను, పావు చుట్టుకొకటి. ఒకటి పట్టుకుని కిందికి లాగితే రెండోది చేతికందుతుంది. చెయ్యి నడుము కంటే పైకి లేపక్కర్లేదు.

అన్నీ బిగించాక ఖాళీ డ్రమ్మును ఇరుసు మీద పెట్టి ఒక్క తోపు తోసి వదిలేయండి. ప్రతిసారీ ఒకే వైపు కిందికి వచ్చి ఆగుతోందంటే ఆ వైపు బరువెక్కువ. సాధారణంగా తలుపు వైపు అవుతుంది, బందులూ గడియలూ అక్కడే ఉన్నాయి కాబట్టి. ఎదురువైపు లోపల ఒక ఇనప పట్టీ బోల్టు చేస్తే సరిపోతుంది. బస్సు చక్రానికి సీసం ముక్కలు పెట్టి బ్యాలెన్సింగ్ చేస్తారు చూడండి, అదే.

స్టాండు

40 మిల్లీమీటర్ల ఇనప యాంగిల్‌తో రెండు కత్తెర కాళ్ల జతలు. ఒక్కో కాలు 95 సెంటీమీటర్లు. కింద రెండు కాళ్ల మధ్య 70 సెంటీమీటర్లు ఎడం ఇస్తే, అవి నేల నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తులో ఒకదాన్నొకటి దాటతాయి. ఆ పైన వచ్చే కొక్కెంలాంటి సందులోనే పైపు కూర్చుంటుంది. రెండు జతల మధ్య ఒక మీటరు ఉంచి, కింద రెండు అడ్డకమ్మీలు వెల్డింగ్ చేయించండి. ఈ ఎత్తులో డ్రమ్ము కింద ఒకటిన్నర అడుగు ఖాళీ వస్తుంది, ఇనప గమేళా హాయిగా పడుతుంది. పైపు దొర్లకుండా రెండు వైపులా ఒక్కో బోల్టు దూర్చండి. కాళ్ల కింద కడప బండ ముక్కలు వేయకపోతే తొలి వానకే ఒక కాలు నల్లమట్టిలోకి దిగుతుంది.

స్టాండు నీడలో పెట్టాలి. చలిదేశాలవాళ్లు చేసే వీడియోల్లో డ్రమ్ముకు నల్ల రంగు కొట్టి ఎండలో పెట్టమంటారు. వాళ్లకు వేడి కావాలి. మే నెలలో బెజవాడలో ఆ పని చేస్తే లోపలున్నది కంపోస్టు కాదు, వడియాలు. మాది వేపచెట్టు కింద ఉంది.

లోపల ఏం వేయాలి

రెండు రకాలు కావాలి, పచ్చివీ ఎండువీ. వంటింటి తొక్కలు, టీ పొడి, పూజ పూలు, కోసిన గడ్డి పచ్చివి. ఎండుటాకులు, కొబ్బరి పొట్టు, రంపపు పొట్టు, చింపిన అట్టపెట్టెలు ఎండువి. పచ్చివాటిలో నత్రజని ఎక్కువ, ఎండువాటిలో కర్బనం ఎక్కువ. సూక్ష్మజీవులకు ఒక పాలు నత్రజనికి 25 నుంచి 30 పాళ్ల కర్బనం ఉంటే పని బాగా జరుగుతుంది. దీన్ని లెక్క కట్టుకుంటూ కూర్చోలేం. ఒక బకెట్టు తొక్కలకు రెండు బకెట్లు ఎండుటాకులు, కాస్త నలిపినవి. రంపపు పొట్టైతే సగం బకెట్టు చాలు, దాంట్లో కర్బనం మరీ ఎక్కువ.

మన దగ్గర వచ్చే చిక్కంతా ఎండువాటితోనే. తొక్కలు రోజూ వస్తాయి, ఆకులు రావు. శివరాత్రి వెళ్లాక వేపచెట్టు ఆకంతా రాల్చేస్తుంది. అప్పుడు గోనెసంచుల్లో కూరి దాచుకుంటేనే ఏడాదంతా నడుస్తుంది. మాకు ఎనిమిది సంచులు పడతాయి. వేపాకు వేస్తే సూక్ష్మజీవులు చస్తాయని పక్కింటి పిన్నిగారు భయపెట్టారు. మూడేళ్లుగా వేస్తున్నాను, కుళ్లడం కాస్త నిదానం తప్ప ఇంకేం తేడా కనిపించలేదు.

పాత ఎరువు ఉంటే రెండు దోసిళ్లు, లేదంటే రెండు కిలోల పేడ నీళ్లలో కలిపి మొదట్లో ఒక్కసారి చల్లితే తోడు వేసినట్టే. ప్యాకెట్లలో అమ్మే పొడులు నేను ఎప్పుడూ కొనలేదు.

నూనె కూరలు, చేపలు, మాంసం, ఎముకలు వద్దు. మామిడి టెంకలు, కొబ్బరి చిప్పలు, చెరకు పిప్పి ఈ డ్రమ్ములో కుళ్లవు. ఆవకాయ ముక్కలు కొట్టించిన రోజు జీడి అంతా తెచ్చి వేశాను ఒకసారి. రెండు నెలల తర్వాత ఎలా వేసినవి అలాగే బయటికొచ్చాయి. ఏదైనా సరే అంగుళం ముక్కలు చేసి వేయండి. గోంగూర కాడలు, అరటి బోదె మరీ ముఖ్యంగా.

పూలదండల గురించి ఒక మాట. పూలు వేయండి, దారం తీసేయండి. మా ఆవిడ శుక్రవారం దండల్ని దారంతో సహా వేసేది. ఒక నెల డ్రమ్ము బరువెక్కిందని పిలిస్తే వెళ్లి తలుపు తీసి చూశాను. ఇరుసు పైపుకు దారం చుట్టుకుని, దాని మీద పీచు చుట్టుకుని, దాని మీద అరటి నార చుట్టుకుని, నా తొడంత లావున ఒక ముద్ద. కత్తిపీట కొసతో కోసి తీయడానికి ఒక పూట పట్టింది.

తడి, తిప్పడం, ఓపిక

గుప్పెడు సరుకు తీసి గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు కనిపించాలి. ధార కారితే తడి ఎక్కువ, ఎండు ఆకులు వేయండి. చెయ్యి విప్పగానే పొడిపొడిగా రాలితే తడి తక్కువ, చెంబుడు నీళ్లు చల్లండి. వేసవిలో ఇలా వారానికి రెండుసార్లు పిండి చూస్తాను. డ్రమ్ము కింద రసం చుక్కలు పడుతుంటే దాన్ని పట్టి నేరుగా మొక్కలకు పోయకండి, అది ఇంకా పచ్చిది. ఎండుటాకుల మీద చల్లి మళ్లీ డ్రమ్ములోకే పంపండి.

మూడు రోజులకోసారి ఐదారు చుట్లు తిప్పితే చాలు. కొత్తలో సరదాకొద్దీ మా మనవడు రోజుకు పదిసార్లు తిప్పేవాడు. అలా చేస్తే లోపల పుట్టిన వేడి నిలవదు. పచ్చివీ ఎండువీ సరిగ్గా కుదిరితే మూడో నాలుగో రోజుకు తలుపు తీయగానే ఆవిరి మొహానికి తగులుతుంది. పెద్ద కుప్పల్లో 55 డిగ్రీలు దాటి వేడెక్కి కలుపు విత్తనాలు కూడా చస్తాయి. మన డ్రమ్ములో సరుకు తక్కువ, వేడి అంత సేపు నిలవదు. కాబట్టి గింజ పట్టిన కలుపు, తెగులు పట్టిన మొక్కలు వేయొద్దు.

సగానికి కాస్త పైగా నిండగానే ఆపేయండి. నిండా కూరితే లోపల పడి దొర్లడానికి చోటుండదు, ఎడంచెయ్యి మాట అటుంచి రెండు చేతులకూ లొంగదు. ఆపాక కొత్త తొక్కలు అందులో వేయకూడదు. వేస్తూ పోతే ఎప్పటికీ సగం పచ్చి, సగం పండు. ఈలోపు వచ్చే తొక్కల్ని మూతున్న బకెట్లో ఆకులతో పొరలుగా వేసి దాస్తాం. వీలుంటే ఇంకో డ్రమ్ము చేసుకోండి. ఈ పొరలు వేసి తిరగేసే పద్ధతి కొత్తదేం కాదు. 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లో పనిచేసిన ఇంగ్లీషు వ్యవసాయ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవర్డ్ రైతుల దగ్గర చూసి, పరీక్షించి, ఒక క్రమంలో పెట్టాడు. ఇప్పటికీ దాన్ని ఇండోర్ పద్ధతి అనే అంటారు. ఆయన పార పెట్టి తిరగేయించాడు, మనం డ్రమ్ము పెట్టి తిప్పుతున్నాం.

వాసన వస్తే ముక్కుతోనే రోగం కనిపెట్టొచ్చు. కళ్లు మండే అమ్మోనియా ఘాటైతే పచ్చివి ఎక్కువయ్యాయి. కుళ్లిన గుడ్డు వాసనైతే తడి ఎక్కువై గాలి ఆడటం లేదు. మందు రెండింటికీ ఒకటే, ఎండుటాకులు వేసి తిప్పడం. సరుకు నిమ్మకాయంత ఉండలు కడితే కూడా తడి ఎక్కువే. ఉండల్ని చేత్తో చిదిపి పొట్టు కలపండి. చీమలు పట్టాయంటే ఆరిపోయింది. బూడిద రంగులో లావుపాటి పురుగులు లుకలుకలాడుతుంటే కంగారు పడకండి. అవి నల్లటి సోల్జర్ ఈగ పిల్లలు, తొక్కల్ని మనకంటే వేగంగా ఖాళీ చేస్తాయి. మా ఆవిడ మాత్రం అవి కనిపించిన రోజు తలుపు దగ్గరికి రాదు, "ఏవండీ, మీ చుట్టాలొచ్చారు" అని కేకేస్తుంది.

నెలకోసారి బుష్‌లో కాస్త గ్రీజు. నిర్వహణ అంటే అంతే.

ఎప్పుడు తీయాలి

పద్నాలుగు రోజుల్లో కంపోస్టు అని రాసి ఉన్న చోటల్లా పచ్చి సరుకే వస్తుంది. మా డ్రమ్ములో నింపడం ఆపిన దగ్గర్నుంచి ఎండాకాలం ఆరు వారాలు, చలికాలం ఎనిమిది. అప్పటికి తొక్కలు గుర్తుపట్టరావు, వేడి తగ్గిపోతుంది, సరుకు సగానికి దిగుతుంది. గమేళాలోకి దింపి, గోనెసంచిలో పోసి, నీడలో మరో నెల వదిలేస్తాను. ఈ నెల రోజులు ఆగకుండా వేస్తే మొక్కల వేర్లు మాడతాయి. నేను ఒకసారి ఆత్రపడి పచ్చిమిరప నారుకు వేసి, నారంతా పసుపు చేసుకున్నాను.

పండిందో లేదో చూడటానికి మెంతులున్నాయి. టీ గ్లాసుడు కంపోస్టులో పది మెంతి గింజలు, పక్కన మామూలు మట్టిలో పది గింజలు వేసి తడి చేయండి. నాలుగైదు రోజుల్లో రెండింట్లోనూ ఒకేలా మొలిస్తే వాడుకోవచ్చు. కంపోస్టు గ్లాసులో మొలకలు వెనకబడితే ఇంకో రెండు వారాలు ఆగండి.

ఆ తర్వాత ఇసుక జల్లెడలో పోసి జల్లించడమే. కింద పడింది కుండీలకు, మూడు పాళ్ల మట్టికి ఒక పాలు. పైన మిగిలిన పుల్లలు, ఈనెలు, నా ఆవకాయ జీడి మళ్లీ డ్రమ్ములోకే పోతాయి, తర్వాతి దఫాకు అవే తోడు. కిందటి వారం జల్లించింది పాలకూర మడికి వేశాం. డ్రమ్ము ఖాళీగా ఉంది కదా కడిగి పెడదామని నేను వెళ్లేసరికి, మా ఆవిడ అప్పటికే రెండు బకెట్ల ఆకులు వేసి తిప్పుతోంది, ఎడంచేత్తోనే, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని వాళ్ల చెల్లెలితో మాట్లాడుతూ.